పడుతుందని తెలిసి కూడా డబ్బెందుకు పోయింది?

మార్కెట్ ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: 2024 జూన్ 4న, ఓట్ల లెక్కింపు రోజు, మార్కెట్ కుప్పకూలుతుంటే మధ్యాహ్నం ఆ వారం ఎక్స్‌పైరీ నిఫ్టీ 21,500 పుట్లు నాలుగు లాట్లు కొన్నాను. సంకీర్ణ ప్రభుత్వం వస్తోంది కాబట్టి ఇంకా పడుతుందని గట్టిగా నమ్మాను. గురువారానికి పెట్టిందంతా పోయింది. 2025 ఏప్రిల్ 7న ట్రంప్ సుంకాల దెబ్బకి మార్కెట్ పడినప్పుడు మళ్లీ అదే చేశాను. మళ్లీ అదే జరిగింది. రెండుసార్లూ మార్కెట్ నిజంగానే పడింది కదా, మరి నాకు డబ్బెందుకు రాలేదు?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీరు అనుకున్నది ఒకటి, కొన్నది ఇంకొకటి. అనుకున్నది ‘మార్కెట్ పడుతుంది’ అని. కొన్నది మాత్రం, గురువారం మధ్యాహ్నం మూడున్నర లోగా నిఫ్టీ 21,500 దిగువకు వెళ్లి, మీరు కట్టిన ప్రీమియం కూడా రాబట్టేంత కిందికి దిగుతుందనే పందెం. మొదటిది అభిప్రాయం. రెండోదానికి గడువుంది, ధర ఉంది.

ఆ వారాన్ని ఒకసారి వరసగా చూడండి. జూన్ 1 శనివారం సాయంత్రం వచ్చిన ఎగ్జిట్ పోల్స్ ఎన్డీయేకి భారీ మెజారిటీ చూపించాయి. సోమవారం సెన్సెక్స్ 2,507 పాయింట్లు ఎగిరింది, నిఫ్టీ 23,263 దగ్గర ముగిసింది. మంగళవారం లెక్కింపులో బీజేపీ సొంతంగా 272 అందుకోదని తేలుతున్నకొద్దీ అమ్మకాలు ముంచెత్తాయి. ఒక దశలో నిఫ్టీ 21,281కి పడింది. మీరు పుట్లు కొన్నది ఆ వేడిలోనే. కానీ మార్కెట్ మూసేసరికే అది 21,884కి లేచింది. సెన్సెక్స్ 4,389 పాయింట్లు నష్టపోయిందని సాయంత్రం అన్ని చానళ్లూ గగ్గోలు పెట్టాయి గానీ, ఆ రోజు అట్టడుగు నుంచి నిఫ్టీ ఆరు వందల పాయింట్లు వెనక్కి వచ్చిన సంగతి ఎంతమంది గమనించారు? బుధవారం చంద్రబాబు నాయుడు, నితీశ్ కుమార్ ఎన్డీయేతోనే ఉంటామని తేల్చేశారు. నిఫ్టీ 22,620. గురువారం ఎక్స్‌పైరీకి 22,821. శుక్రవారం సెన్సెక్స్ 76,693 దగ్గర, సోమవారం నాటి స్థాయిని కూడా దాటి ముగిసింది. ‘ఇంకా పడుతుంది’ అన్నవాళ్లకి మూడు రోజులు కూడా దక్కలేదు.

ఇందులో మీకు కనబడని దెబ్బ ఇంకొకటి ఉంది. ఆప్షన్ ప్రీమియంలో భయం ఖరీదు కూడా కలిసి ఉంటుంది. ఆ భయాన్ని కొలిచే ఇండియా విక్స్ జూన్ 4న 26 దాటి ముగిసింది, మర్నాడే 19 దగ్గరికి జారింది. మీ ఊళ్లో 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు పడవ దొరకడం ఎంత కష్టమైందో మీకు నేను చెప్పక్కర్లేదు. నీళ్లు నడుముల దాకా ఉన్నప్పుడు పడవకి ఎంత అడిగితే అంత ఇస్తాం. నీళ్లు తీసిన మర్నాడు అదే పడవని ఎవరూ అడగరు. పుట్ కూడా అంతే. నిఫ్టీ కదలకుండా ఉన్నచోటే ఉన్నా, భయం తగ్గితే చాలు, ప్రీమియం కరిగిపోతుంది. మీ విషయంలో నిఫ్టీ లేచింది, భయం తగ్గింది, గడువూ ముగిసింది. మూడు వైపుల నుంచీ తగిలింది.

ఇప్పుడు అసలు మాట. మంగళవారం మధ్యాహ్నం మీకు ఆ పుట్లు అమ్మిందెవరో ఆలోచించారా? అమ్మినవాళ్లలో, సోమవారం ఊరంతా సంబరాల్లో ఉన్నప్పుడు ‘ఫలితం తేడా వస్తే?’ అనుకుని తక్కువ ప్రీమియంకి కొని పెట్టుకున్నవాళ్లు ఉంటారు. నా లెక్కలో ఆ రోజు అసలైన బేర్, అంటే పతనం మీద పందెం కట్టేవాడు, అలాంటివాడు. అతను వార్త రాకముందు కొన్నాడు, వార్త వచ్చాక మీకు అమ్మి బయటపడ్డాడు. మీరు వార్త విన్నాక వచ్చారు. ఇక చేతిలో లేనివి ముందే అమ్మి షార్ట్ చేసినవాళ్లు లాభం తీసుకోవాలన్నా, నష్టం ఆపుకోవాలన్నా తిరిగి కొనాల్సిందే. ఆ కొనుగోళ్లే, అంటే షార్ట్ కవరింగే, పడిన మార్కెట్‌ని మొదట లేపుతుంది. అందుకే భారీ పతనం మర్నాడు గ్యాప్ అప్ తరచుగా కనిపిస్తుంది.

2025 ఏప్రిల్ 7 కథ కూడా వేరు కాదు. నిఫ్టీ 21,743 దాకా జారి 22,161 దగ్గర ముగిసింది, మర్నాడు 22,535. ఏప్రిల్ 9న ట్రంప్ చాలా దేశాల మీద కొత్త సుంకాలను 90 రోజులు ఆపారు. ఆ ప్రకటన ఎప్పుడొస్తుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలియని రోజున పందెం కట్టేవాడు కనీసం పందెం చిన్నదిగా ఉంచుకోవాలి.

మీకు నా సలహా ఇది. మీ దగ్గర షేర్లో, మ్యూచువల్ ఫండ్లో ఉంటే, పతనం భయం ఉన్నప్పుడు కొంత అమ్మి నగదుగా ఉంచుకోవడమే బేర్‌గా ఉండటానికి తేలికైన దారి. దానికి ఎక్స్‌పైరీ లేదు. పుట్ కొనాలనే అనుకుంటే, వార్త రాకముందు, మార్కెట్ నిశ్చింతగా ఉన్నప్పుడు, పోయినా పర్లేదనుకున్న మొత్తంతో కొనండి. అప్పటికే నాలుగైదు శాతం పడిన రోజున మాత్రం ఫోన్ పక్కన పెట్టేయండి. సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. వాళ్లందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. వాళ్లలో మీలాగే దిశ సరిగ్గా ఊహించి, గడువు దగ్గర, ధర దగ్గర ఓడినవాళ్లు చాలామందే ఉంటారని నా నమ్మకం.

ప్రశ్న: మార్కెట్ ఎందుకు పడిందో రోజూ సాయంత్రం ఒక కారణం చెబుతారు. ‘లాభాల స్వీకరణ’, ‘విదేశీ మదుపరుల అమ్మకాలు’, ‘అంతర్జాతీయ సంకేతాలు’. వీటిని నమ్మి మర్నాటి ట్రేడ్ నిర్ణయించుకోవచ్చా?
- ఒక డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: వద్దు. ఆ కారణాలు అబద్ధాలని అనను. అవి ధర కదిలాక వెతికినవి, అంతే. విదేశీ సంస్థలు ఆ రోజు ఎంత అమ్మాయన్న ప్రాథమిక లెక్క మార్కెట్ మూశాక సాయంత్రం బయటికొస్తుంది. మీరు చదివేసరికి ఆ అమ్మకం ధరలో కలిసిపోయి ఉంటుంది. చదవండి, నేర్చుకోండి. చదివిన వెంటనే ఆర్డర్ పెట్టకండి.

ప్రశ్న: మార్కెట్ పడాలని కోరుకోవడం పాపమని మా నాన్నగారు అంటారు. పదిమంది నష్టంలో నేను లాభం వెతుకుతున్నానని కోప్పడతారు. ఆయన మాట నిజమా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నాన్నగారి మనసు మంచిది. కానీ మీ ఊరి కథే ఒకటి ఆయనకి గుర్తు చేయండి. 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ తన సొమ్ముతో చైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను కొంటానని ప్రకటించి, మదుపరులు తిరగబడితే గంటల్లోనే వెనక్కి తీసుకుంది. ఐటీ కంపెనీకి స్థలాల వ్యాపారం ఎందుకని ఆ రోజు అనుమానించి షేర్లు అమ్మేసినవాళ్లున్నారు. 2009 జనవరి 7న ఏళ్ల తరబడి లెక్కలు పెంచి చూపించామని చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. షేరు ఒక్కరోజులో సుమారు 78 శాతం పడిపోయింది. అనుమానించినవాళ్లు ఎవరికీ హాని చేయలేదు. నమ్మినవాళ్లని ముంచింది లెక్కలు మార్చినవాళ్లు.

కాబట్టి అనుమానం పాపం కాదు. అయితే ఆ అనుమానం వెనక ఒక కాగితం, ఒక లెక్క, ఒక ప్రశ్న ఉండాలి. టీవీ తెర ఎర్రబడిందని షార్ట్ చేయడాన్ని అనుమానం అనలేం. ఇంకో జాగ్రత్త. మీ దగ్గర లేని షేరుని క్యాష్ మార్కెట్లో అమ్మితే అదే రోజు తిరిగి కొనేయాలి. అది లోయర్ సర్క్యూట్‌లో ఉంటే మీకు సంతోషమే, అప్పర్ సర్క్యూట్‌కి వెళ్లిందో, అమ్మేవాడే దొరకడు. అప్పుడు ఎక్స్ఛేంజ్ వేలంలో కొనిస్తుంది, ఆ నష్టం మీదే.

ప్రశ్న: మా ఆయన ప్రభుత్వ టీచరు. మార్కెట్ పడితే ఇంటికి స్వీట్లు తెస్తారు, పెరిగితే పిల్లల మీద విసుక్కుంటారు. ఎప్పుడు చూసినా ‘పడుతుంది, చూస్తూ ఉండు’ అంటారు. నా గొలుసు తాకట్టులో ఉందని నిన్నే తెలిసింది. ఎలా ఆపించాలి?
- ఒక సోదరి, కరీంనగర్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మార్కెట్ పడుతుందా పెరుగుతుందా అనే వాదనలోకి మాత్రం మీరు దిగకండి. అక్కడ ఆయన దగ్గర ఎప్పుడూ కొత్త వార్త ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఒక ఆదివారం పక్కన కూర్చుని, బ్రోకర్ యాప్‌లో లాభనష్టాల నివేదిక తీయమనండి. ఈ నెలది కాదు, ఖాతా తెరిచిన నాటి నుంచి ఉన్నదంతా. బ్రోకరేజీ, పన్నులు కూడా కలిపిన అంకె చూడండి. గెలిచిన రోజులు గుర్తుంటాయి, ఓడినవి మరుగున పడతాయి. అందుకే చాలామంది ఆ మొత్తాన్ని ఒక్కసారి కూడా చూసి ఉండరు.

మార్కెట్ పడితే సంతోషిస్తున్నారంటే ఆయన ఆడుతున్నది ఎఫ్ అండ్ ఓలోనే అయి ఉంటుంది. తర్వాత ఆ సెగ్మెంట్‌ని బ్రోకర్‌కి చెప్పి మూయించమనండి. షేర్ల ఖాతా ఉండనివ్వండి. జీతంలో మొదటి వాటా గొలుసు వడ్డీకి, అసలుకి వెళ్లాలి. ఎఫ్ అండ్ ఓ నష్టం జీతం మీద పన్ను తగ్గించదు. కానీ గడువులోగా వ్యాపార ఆదాయం చూపే రిటర్ను వేస్తే ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లి, వచ్చే వ్యాపార లాభాల్లో తగ్గించుకోవచ్చు. గడువు దాటితే ఆ హక్కు పోతుంది. ఆడిటర్‌ని కలవండి.

ఆయన్ని దోషిలా నిలబెట్టకండమ్మా. దాచడం మొదలైంది సిగ్గు వల్లే అయి ఉంటుంది. రాత్రుళ్లు నిద్ర లేకపోయినా, చచ్చిపోవాలన్న మాట ఆయన నోట వచ్చినా ఒక్క రోజు కూడా ఆగవద్దు. 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.