విత్తన సంఘములలో నాణ్యత - పని పద్ధతి

వరి విత్తనమును సంఘముగా పండించు రైతు సోదరులు ముందుగా ఒక సంగతి గుర్తింపవలెను. ప్రయోగశాల నాణ్యతను కొలచునే గాని కల్పింపజాలదు.

ధ్రువీకరణ విత్తనమునకు భౌతిక స్వచ్ఛత 98 శాతము, మొలక 80 శాతమునకు తగ్గరాదు. తేమ 13 శాతము మించరాదు. ఇతర రకముల నుండి 3 మీటర్ల ఎడము ఉండవలెను. కేళీలు 0.2 శాతము దాటరాదు. ఈ హద్దులు చాలమందికి తెలిసినవే. చిక్కు వచ్చునది పని చేతులు మారుచోట.

కోత యంత్రమునే చూడుడు. వేరొక రకము కోసి వచ్చిన యంత్రపు మూలలలో ఆ గింజలు మిగిలియుండును. కనుక పొలములో దిగకముందే దానిని శుభ్రపరచి, మొదట కోసిన కొంత ధాన్యమును విత్తనమున కలుపక తిండికి వేరుచేయవలెను. ఎవరో ఒకరు చూతురులే అనుకొన్నచో ఎవరును చూడరు. బాధ్యుని పేరు సంఘపు పుస్తకములో ముందే వ్రాసియుండవలెను.

ప్రతి రైతు సరుకునకు వేరు లాటు సంఖ్య నిచ్చి, మూలవిత్తనపు చీటీ, కోత తేది, ఆరబెట్టిన కళ్లము, తేమ అంకె ఒకే పుటలో చేర్చవలెను. సంచి బయట ఒక చీటీ, లోపల ఒక చీటీ ఉంచవలెను. (బయటిది చినిగిననాడు లోపలిదాని విలువ తెలియును.) మొలక రాలేదని ఫిర్యాదు వచ్చినపుడు ఆ పుట చూచి, లోపము ఆరబెట్టుటలోనో నిలువలోనో వెదకవచ్చును. అదే కళ్లములో ఆరిన తక్కిన లాట్లను అమ్మకము నుండి ఆపవచ్చును. పుస్తకము లేనిచో సందేహము అందరి సంచులపైన పడి, జాగ్రత్తపడిన రైతుకును నష్టము తగులును.

ఇక మొహమాటము. అధ్యక్షుని సరుకైనను 14 శాతము తేమ చూపినచో తిరిగి కళ్లమునకు పోవలసినదే. తేమ చూచువానికి తిప్పిపంపు అధికారమును తీర్మానము ద్వారా ఇచ్చి, మినిట్సు పుస్తకములో వ్రాయించుట మేలు.