నిద్ర చెడగొట్టే నల్లులు

ఆ రోజు రాములమ్మ పత్తి ఏరడానికి రాలేదు. ఏమైందో చూద్దామని పక్కింటి వెంకటమ్మ వచ్చింది. రాములమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒళ్ళో పాప ఏడుస్తోంది.

"పాపకు జ్వరమా, రాములూ?"

"కాదక్కా. రాత్రంతా నిద్ర లేదు. పాప ఒంటినిండా దద్దుర్లే. దోమలనుకుని వేపాకు పొగ వేశాను. తగ్గలేదు."

వెంకటమ్మ పాప చెయ్యి చూసింది. మూడు నాలుగు దద్దుర్లు ఒకే వరుసలో ఉన్నాయి. "గజ్జి అయితే వేళ్ళ సందుల్లో వస్తుంది. అక్కడేమీ లేదు. మంచం చూద్దాం పద" అంది.

దుప్పటి మీద నల్లటి చుక్కలు ఉన్నాయి. అక్కడక్కడా రక్తపు మరకలు ఉన్నాయి. వెంకటమ్మ నులక మంచం తిరగేసింది. కోడు, పట్టె కలిసే సందులో పుల్ల పెట్టి గీకింది. నాలుగు పురుగులు బయటపడ్డాయి. ఒక్కొక్కటి కందిబద్దంత ఉంది. ఎర్రమట్టి రంగు. రెక్కలు లేవు.

"ఇవి నల్లులు. పగలు సందుల్లో దాక్కుంటాయి. రాత్రి వచ్చి రక్తం తాగుతాయి."

రాములమ్మ తల దించుకుంది. "ఎవరికీ చెప్పకక్కా. ఇల్లు శుభ్రంగా పెట్టుకోదంటారు."

"ఇందులో సిగ్గేముంది? నల్లి మురికి తినదు. శుభ్రమైన ఇంటికీ వస్తుంది. మీ ఆయన పనికి పోయి తెచ్చిన పడక మూటలో వచ్చి ఉంటాయి. హాస్టలు పెట్టెల్లోనూ వస్తాయి."

"ఆయన సాయంత్రం పత్తి మందు చల్లుతానన్నాడు."

వెంకటమ్మ ఉలిక్కిపడింది. "వద్దమ్మా! ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? అది విషం. చర్మం గుండా, ఊపిరి గుండా ఒంట్లోకి పోతుంది. పసిపిల్ల ప్రాణానికే ముప్పు. కిరసనాయిలు కూడా చల్లకూడదు. నిప్పు అంటుకుంటుంది."

"మరి ఎలా అక్కా?"

"మరిగే నీళ్ళే మందు. ఓపిక ఉండాలి."

ఇద్దరూ కలిసి ఈ పనులు చేశారు:

1. పిల్లలను దూరంగా ఉంచారు. మంచం వాకిట్లోకి తెచ్చారు. కోళ్ళు, పట్టెలు, నులక అంతా మరిగే నీళ్ళు పోశారు.

2. దుప్పట్లు, దిండు గలీబులు, బట్టలు వేడినీళ్ళలో నానబెట్టి ఉతికారు.

3. బొంతలు దులిపి, తిరగేస్తూ ఎర్రటి ఎండలో వేశారు. ఒకవైపే ఎండబెడితే నల్లులు నీడవైపు పోతాయి.

4. గోడ పగుళ్ళను మట్టితో పూడ్చి, సున్నం వేశారు.

5. మంచం గోడకు ఆనకుండా జరిపారు. కోళ్ళ కింద సబ్బునీళ్ళ పళ్ళాలు పెట్టారు. దుప్పటి నేలకు తగలకుండా చూశారు. రెండు రోజులకోసారి నీళ్ళు మార్చారు.

వారం గడిచింది. పాప ఒంటి మీద మళ్ళీ దద్దుర్లు. రాములమ్మ ఏడుపు ముఖం పెట్టింది. "పడ్డ కష్టమంతా వృథా అయింది కదక్కా!"

"వృథా కాలేదు. నల్లి గుడ్డు రవ్వంత ఉంటుంది. సందులో మిగిలిపోతుంది. వారం, పది రోజుల్లో పిల్ల బయటికి వస్తుంది. ఆ పిల్లలు పెద్దవై గుడ్లు పెట్టకముందే చంపాలి. అందుకే వారం వారం చెయ్యాలి."

రాములమ్మ ఆరు వారాలు విడవకుండా చేసింది. ఇప్పుడు పాప హాయిగా నిద్రపోతోంది.

మొన్న సంఘం సమావేశంలో రాములమ్మే లేచి చెప్పింది: "మా ఇంట్లో నల్లులు పడ్డాయి. మీ ఇంట్లో ఉంటే దాచకండి. నేను వచ్చి సాయం చేస్తాను." మరో ముగ్గురు చేతులెత్తారు.

గుర్తుంచుకోండి

నల్లుల వల్ల జబ్బులు అంటుకుంటాయని తేలలేదు. కానీ గోకితే పుండ్లు పడతాయి. పుండు చీము పడితే నర్సమ్మకు చూపించండి.

తిండి లేకపోయినా నల్లి నెలల తరబడి బతుకుతుంది. ఇల్లు ఖాళీ చేసినంత మాత్రాన చావదు.

ఊరి నుంచి తెచ్చిన పడక మూటను వాకిట్లోనే విప్పి దులపండి.

చెప్పండి

1. మంచంలో నల్లులు ఉన్నాయని వెంకటమ్మ ఎలా గుర్తుపట్టింది?
2. పత్తి మందు ఎందుకు చల్లకూడదు?
3. ఒక్కసారి వేడినీళ్ళు పోస్తే ఎందుకు చాలదు?

చేయండి

ఈ రోజే మీ మంచం తిరగేసి చూడండి. ఏం కనిపించిందో నాలుగు వాక్యాలు రాయండి.