చెరువుకట్టల అపాయ తరగతి

చెరువుకట్ట గట్టిదా, బలహీనమైనదా యని విచారించుట మన రైతులకు వాడుకయే. ఆ కట్ట తెగినయెడల హాని పొందువా రెవరను ప్రశ్న వేరు. ఈ రెండు ప్రశ్నలను కలిపివేయుటవలన కలుగు కీడును ఈ నెల పాఠమున వివరింప నుద్దేశించితిమి.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో జలాశయపు కట్టలను మూడు అపాయ తరగతులుగా విభజింతురు. కట్ట తెగినచో ప్రాణహాని సంభవించునని తోచిన నది అధికాపాయ తరగతి. ప్రాణహాని లేక, పంటలు, బాటలు, వంతెనలు మున్నగువానికి గొప్ప నష్టము కలుగునది మధ్యమ తరగతి. నష్టము స్వల్పమై, యజమాని భూమిని దాదాపుగా మించనిది అల్పాపాయ తరగతి. ఇందు కట్టయొక్క వయస్సు గాని, దృఢత్వము గాని లెక్కకు రాదు. నిన్న కట్టిన గట్టి కట్టయైనను, దాని దిగువ పల్లె యున్నచో నది అధికాపాయ తరగతిదే. కట్ట స్థితిని వేరుగా పరీక్షించి వేరుగా వ్రాయుదురు.

తరగతి తప్పుగా నున్నచో నేమగునో హవాయి దీవులలోని కవాయి ద్వీపమున కనబడినది. అచట కలోకో యను మట్టికట్ట జలాశయము 1890 ప్రాంతమున చెరకు సాగునకై నిర్మింపబడెను. చెరకు తోటలు అంతరించిన పిదప నది ప్రైవేటు యాజమాన్యమున నుండెను. దిగువ నిండ్లున్నను, ప్రభుత్వ పట్టికలో నది అల్పాపాయ తరగతిగనే యుండెను. 2006 మార్చి 14వ తేదీ తెల్లవారుజామున, అనేక దినముల పెనువానల పిమ్మట, కట్ట తెగి నూరు కోట్ల లీటర్లకు పైగా నీరు దిగువకు దూకెను. ఏడుగురు మరణించిరి. అలుగు పూడ్చబడుటచే నీరు కట్టమీదుగా పొర్లి గండిపడియుండునని 2007లో వెలువడిన దర్యాప్తు నివేదిక తెలిపెను. ప్రభుత్వమువారు తనిఖీ చేయకుండుటను గూడ నెత్తిచూపెను. ఆ యేటనే హవాయిలో కట్టల భద్రతకు క్రొత్త చట్టము వచ్చెను. 2014లో యజమానికి ఏడు మాసముల జైలుశిక్ష విధింపబడెను.

రాతి అలుగుమీద నీరు పొర్లినను రాయి కదలదు. మట్టికట్టమీద పొర్లు నీరు వెలుపలి వాలును కోయును. కోత లోనికి ప్రాకి గండియగును. కావున రెండవ పంటకు నీరు మిగులునని అలుగుపై ఇసుకబస్తాలు పేర్చుట, దిగువవారి ప్రాణములతో పందెము వేయుటయే.

మన దేశమున 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టము 15 మీటర్లకు మించిన యెత్తుగల కట్టలకును, 10 మొదలు 15 మీటర్ల వరకు గలవానిలో కొన్నింటికిని వర్తించును. పల్లె చెరువులలో పెక్కింటి కట్టలు, సొంత పొలములలోని కుంటలు అంత యెత్తుగలవి కావు. వాని తరగతిని మనమే తెలిసికొనవలెను.

అందుకు మార్గ మిది. ఏటేట తొలకరికి ముందు కట్ట మొదలుకొని వాగు వెంట దిగువకు నడచి, నీరు పారగల పల్లమున నున్న యిండ్లు, పాకలు, బడి, బాట, పంపుసెట్ల కొట్టములు వ్రాసికొనవలెను. రాత్రి అచట నిదురించువా రెందరో విచారింపవలెను. నిరుడు లేని యొక్క యిల్లు ఈ యేడు వెలసినను తరగతి మారును. గొలుసుకట్టు చెరువులలో పై కట్ట తెగినచో దాని నీరు క్రింది కట్టనుగూడ తెంచవచ్చును. కావున క్రింది చెరువు దిగువవారినిగూడ లెక్కింపవలెను.

పిదప కట్ట స్థితిని చూడవలెను. అలుగునకు అడ్డేమైన కలదా? తూముప్రక్క ఊట కలదా? ఊట తేటగా నున్న కనిపెట్టి యుండవలెను. బురదగా వచ్చిన మట్టి కొట్టుకొనిపోవుచున్నదని గ్రహించి, వెంటనే నీరుకట్టికిని, నీటిపారుదల శాఖవారికిని తెలిపి, దిగువవారిని హెచ్చరింపవలెను. కట్టపై చెట్లు, బొరియలు, క్రుంగిన చోట్లు గుర్తింపవలెను.

అధికాపాయ తరగతియు, చెడిన స్థితియు నొకే కట్టకు గూడినచో మరమ్మతు దానికే మొదట జరుగవలెను. సంఘ సభ్యులు తమ గ్రామపు పట్టికను వానలకు ముందే సిద్ధపరచి, సభలో చదివించి, మినిట్సు పుస్తకమున నెక్కింపగోరుచున్నాము. కుంట సొంతమైనను, దాని దిగువనున్న ప్రాణములు ఊరివని మరువరాదు.