బావి గట్టు నేర్పిన పాఠం



మేము ఈ హాస్టల్లో ఉండి పదో తరగతి చదివే రోజులవి. ఫిబ్రవరి నెల, ఆదివారం మధ్యాహ్నం. ఏడుగురం కలిసి ఊరి బయట వ్యవసాయ బావికి ఈతకు వెళ్ళాం. వార్డెన్ సారుకు చెప్పలేదు. గట్టు మీది నుంచి దూకడం మాకు అలవాటే. ఆ రోజు మాత్రం మాలో ఒకడు మోటారు గదిని చూపించి, "దాని పైనుంచి దూకే దమ్ముందారా?" అన్నాడు. ఒకడు దూకాడు. ఇంకొకడు దూకాడు. మూడోవాడి కాలు బావి మెట్టుకు తగిలి విరిగింది. వాడు మార్చిలో పబ్లిక్ పరీక్షలు రాయలేకపోయాడు. వాళ్ళమ్మ కూలి పని మానుకొని ఆస్పత్రిలో కూర్చుంది.

ఆ రాత్రి స్టడీ అవర్లో ఎవరమూ పుస్తకం తెరవలేదు. మాట్లాడుకుంటే ఒక సంగతి బయటపడింది. మా ఏడుగురిలో ఎవరికీ దూకాలని లేదు. సవాలు చేసినవాడు కూడా ఎవరూ దూకరనే అనుకున్నాడట. "మిగతావాళ్ళకు భయం లేదు, నాకొక్కడికే ఉంది" అని ప్రతి ఒక్కరమూ లోపల అనుకొని, పైకి నవ్వుతూ నిలబడ్డాం.

ఒంటరిగా ఉంటే దూకేవాళ్ళమా?

దూకేవాళ్ళం కాదు. ఇది మా ఒక్కరి సంగతే కాదని తర్వాత చదివి తెలుసుకున్నాం. అమెరికాలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు 306 మందిచేత కంప్యూటర్లో కారు ఆట ఆడించారు. కారు ఎంత దూరం వెళితే అన్ని పాయింట్లు. ఎర్ర దీపం వెలిగేలోపు ఆపకపోతే గోడను గుద్దుకొని పాయింట్లు పోతాయి. కొందరు ఒంటరిగా ఆడారు. కొందరు తమ ఈడువాళ్ళు ఇద్దరు పక్కనుండగా ఆడారు. 2005లో వెలువడిన ఫలితం ఇది: తోటివాళ్ళు పక్కనుంటే 13 నుంచి 16 ఏళ్ళ పిల్లలు సుమారు రెట్టింపు తెగింపు చూపారు. 18 నుంచి 22 ఏళ్ళవారిలో కూడా తెగింపు పెరిగింది గాని అంత కాదు. 24 ఏళ్ళు దాటినవారిలో తేడా కనబడలేదు.

2011లో వచ్చిన మరో పరిశోధనలో ఇలాంటి ఆట ఆడుతున్నప్పుడు మెదడును స్కానింగ్ చేశారు. స్నేహితులు వేరే గదిలో కూర్చొని తెర మీద చూస్తున్నారు. చూస్తున్నారని తెలిస్తే చాలు, టీనేజీ పిల్లల మెదడులో సంతోషాన్ని, బహుమతిని ఆశించే భాగాలు ఎక్కువగా పనిచేశాయి. పెద్దవాళ్ళలో అలా జరగలేదు. అంటే ప్రమాదం తెలియక మనం తెగించడం లేదు. నలుగురు చూస్తుంటే మెచ్చుకోలు పెద్దదిగా, ప్రమాదం చిన్నదిగా అనిపిస్తుంది. మనల్ని అదుపు చేసే మెదడు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్ళు దాటాలి.

ఒక్క గొంతు చాలు

మరి దీనికి మందు లేదా? ఉంది. 1950ల్లో సాలమన్ యాష్ అనే శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థులకు గీతలు చూపించి, ఏది దేనితో సమానమో చెప్పమన్నాడు. ముందే మాట్లాడుకున్న గుంపు కావాలని తప్పు చెబితే, సంగతి తెలియని విద్యార్థి కూడా మూడింట ఒకసారి తప్పే చెప్పాడు. కాని గుంపులో ఒక్కడు నిజం చెబితే చాలు, ఆ తప్పులు ఇరవైలో ఒకటికి పడిపోయాయి.

కాబట్టి తమ్ముళ్ళూ, మేము నేర్చుకున్నవి ఇవి:

1. ఇష్టం లేనివాడు ముందుగా నోరు విప్పాలి. "నాకు భయంగా ఉందిరా, నేను రాను" అంటే చాలు. ఇంకో ఇద్దరు మీ వెనకే తిరిగి వస్తారు.

2. "దమ్ముందా?" అన్నవాడితో వాదన పెట్టుకోవద్దు. "పదరా, సారు పిలుస్తున్నారు" అని పక్కవాడి చెయ్యి పట్టుకొని కదలండి. బండి మీద ముగ్గురు ఎక్కేటప్పుడైనా, మొదటి సిగరెట్టు చేతికి వచ్చినప్పుడైనా ఇదే మాట.

3. ఎవరైనా మునిగిపోతుంటే వెంట దూకవద్దు. గట్టు మీది నుంచే తాడో, తువ్వాలో, కర్రో అందించండి. పెద్దవాళ్ళను కేకేయండి.

పూర్వ విద్యార్థులకు కూడా ఒక మాట. 18 నుంచి 22 ఏళ్ళ యువకుల గుంపులో 25 ఏళ్ళు దాటినవాడు ఒక్కడుంటే ఆ తెగింపు తగ్గి, ఒంటరిగా ఉన్నప్పటి జాగ్రత్త వస్తుందని 2016లో ఒక పరిశోధన తేల్చింది. వార్షికోత్సవానికే కాదు, వీలైన ఆదివారాల్లో కూడా ఇటు వద్దాం. పిల్లలతో ఈతకు మనమూ వెళదాం.

కాలు విరిగిన మా మిత్రుడు మరుసటి ఏడాది పరీక్ష రాసి పాసయ్యాడు. ఈ వ్యాసం రాస్తామంటే ఒప్పుకున్నాడు, పేరు మాత్రం వేయవద్దన్నాడు. "ఆ రోజు మీలో ఒక్కడు వద్దురా అని ఉంటే, సంతోషంగా దిగి వచ్చేవాణ్ణి" అన్నాడు. మేము ఆరుగురం అక్కడే ఉన్నాం. ఒక్కరమూ అనలేదు.

మీరు అనండి.

— మీ అన్నలు