రేఖాంశం చెప్పే వేళ, గడియారం చూపే వేళ

రేఖాంశాల లెక్కల్లో మార్కులు పోయేది గుణకారంలో కాదు, స్థానిక కాలం, ప్రామాణిక కాలం ఒకటేననుకోవడంలో. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి డిగ్రీకి 4 నిమిషాలు. తూర్పుకు కలపాలి, పడమరకు తీసేయాలి. గ్రీనిచ్‌లో మధ్యాహ్నం 12 అయితే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మీద 330 నిమిషాలు ముందు, అంటే సాయంత్రం 5:30. కాకినాడకు దగ్గరగా పోయే ఈ రేఖే మన ప్రామాణిక కాలానికి (ఐఎస్‌టీ) ఆధారం. హైదరాబాద్ సుమారు 78½ డిగ్రీల మీద ఉంది. 82½ డిగ్రీల రేఖ మీద సూర్యుడు ఆ రోజుకి అన్నిటికన్నా ఎత్తుకు చేరాక మరో 16 నిమిషాలకు గానీ హైదరాబాద్‌లో ఆ స్థానానికి రాడు. గోడ గడియారాలు మాత్రం రెండుచోట్లా ఒకే వేళ చూపిస్తాయి. ప్రశ్న స్థానిక కాలం అడిగితే ఆ 16 నిమిషాలు తీసేయాలి. ఐఎస్‌టీ అడిగితే వాటి జోలికే పోకూడదు.

పుస్తకంలో 15 డిగ్రీలకో కాలమండలం అని ఉంది కదా అంటారు కొందరు. సూత్రం అదే, కానీ హద్దులు గీసేది ప్రభుత్వాలు. చైనా 60 డిగ్రీలకు పైగా విస్తరించినా అధికారికంగా ఒకే సమయం పాటిస్తుంది. నేపాల్ 86¼ డిగ్రీలను తీసుకుని మనకంటే 15 నిమిషాలు ముందుంటుంది. మన దేశంలోనే ద్వారకకూ అరుణాచల్ తూర్పు అంచుకూ సూర్యోదయంలో తేడా దాదాపు 2 గంటలు. అస్సాం తేయాకు తోటల్లో గంట ముందుకు జరిపిన ‘బాగాన్ టైమ్’ పుట్టింది అందుకే.