నాయకమణి

ఉద్దేశం: జట్టు విజయంలో వ్యక్తి ప్రతిభకూ, సమష్టి కృషికీ గల సంబంధాన్ని విద్యార్థులు గ్రహించడం.

జట్టుకు విజయం చేకూర్చేది ఒక మహావీరుని ప్రతిభా, లేక అందరి సమష్టి కృషా? క్రీడారంగంలో తరచుగా తలెత్తే ప్రశ్న ఇది. అమెరికాలోని వృత్తి బాస్కెట్‌బాల్ పోటీల, అనగా ఎన్.బి.ఏ. చరిత్రను పరిశీలిస్తే దీనికి చక్కని సమాధానం లభిస్తుంది.

క్రికెట్, ఫుట్‌బాల్ క్రీడలలో ఒక్కొక్క పక్షాన పదకొండు మంది ఆడతారు. బాస్కెట్‌బాల్‌లో బరిలో నిలిచేవారు ఐదుగురే. ఆట నిడివి 48 నిమిషాలు. అందులో ఉత్తమ క్రీడాకారుడు దాదాపు 40 నిమిషాలు ఆడగలడు. బంతి మాటిమాటికీ అతని చేతికే వస్తుంది. కనుక ఇతర క్రీడల కన్నా ఇందులో ఒక్కని ప్రతిభకు ప్రాధాన్యం అధికం. అయితే అది ఒక్కటే చాలునా?

మైకేల్ జోర్డాన్ 1984లో షికాగో బుల్స్ జట్టులో చేరాడు. 1986 ఏప్రిల్ 20న బోస్టన్ సెల్టిక్స్‌తో జరిగిన ప్లేఆఫ్ పోటీలో అతడొక్కడే 63 పాయింట్లు సాధించాడు. అయినా బుల్స్ 131-135తో ఓడిపోయింది. 1988, 1989, 1990 సంవత్సరాలలో డెట్రాయిట్ పిస్టన్స్ జట్టు వరుసగా మూడుసార్లు బుల్స్ దారికి అడ్డు నిలిచింది. జోర్డాన్‌కు బంతి అందగానే ఇద్దరు ముగ్గురు అతనిని చుట్టుముట్టడం వారి వ్యూహం. పద్మవ్యూహంలో అభిమన్యుని పరాక్రమానికి కొదవ లేదు. వెంట రావలసినవారు రాలేకపోవడమే చేటు తెచ్చింది. జోర్డాన్ స్థితీ అటువంటిదే.

1989లో ప్రధాన శిక్షకుడైన ఫిల్ జాక్సన్, తన సహాయకుడు టెక్స్ వింటర్ తీర్చిదిద్దిన త్రికోణ వ్యూహాన్ని జట్టుకు నేర్పాడు. బంతి ఒకరి వద్దనే నిలవక అందరి చేతులలో తిరగడం దాని మర్మం. 1987లో చేరిన స్కాటీ పిపెన్ అప్పటికి పరిణతి చెందాడు. 1991లో, తన ఏడవ సీజనులో, జోర్డాన్ తొలి విజేత కిరీటాన్ని అందుకున్నాడు. 1997 తుది సమరంలో, యూటా జాజ్‌తో ఆరవ ఆట చివరి క్షణాలలో, స్కోరు 86-86గా ఉంది. ఇద్దరు ప్రత్యర్థులు తనను కమ్ముకోగా జోర్డాన్ బంతిని స్టీవ్ కెర్‌కు అందించాడు. కెర్ గురి తప్పలేదు. బుల్స్‌కు ఐదవ కిరీటం దక్కింది. 63 పాయింట్లు సాధించిన నాటి కన్నా, బంతిని మరొకరి చేతిలో పెట్టిన ఆ క్షణంలోనే జోర్డాన్ గొప్పతనం పరిపూర్ణమైంది.

అట్లని మహావీరుడు లేకున్నా లోటు లేదనరాదు. 1993లో జోర్డాన్ ఆట నుండి విరమించాడు. అంతకు ముందు సీజనులో 57 ఆటలు గెలిచిన బుల్స్, అతడు లేని 1993-94లోనూ 55 గెలిచింది. కాని ప్లేఆఫ్ రెండవ అంచెలోనే న్యూయార్క్ నిక్స్ చేతిలో ఓడింది. 1995లో అతడు తిరిగివచ్చిన పిమ్మట 1996, 1997, 1998లలో కిరీటం మళ్లీ బుల్స్‌దే అయింది.

దీనికి అపవాదం లేకపోలేదు. 2004లో షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్ వంటి మహామహులున్న లాస్ ఏంజెలిస్ లేకర్స్‌ను డెట్రాయిట్ పిస్టన్స్ 4-1తో ఓడించింది. పట్టుదలతో కూడిన రక్షణే పిస్టన్స్ బలం. అయితే ఇటువంటి విజయాలు అరుదు.

సమష్టి కృషి జట్టును శిఖరం చేరువకు తీసుకొని వెళుతుంది. చివరి మెట్టు ఎక్కించేది తరచుగా మహావీరుడే. హారానికి నాయకమణి శోభనిస్తుంది. దారం తెగితే మాత్రం ఆ మణి కూడా నేలపాలు కాక తప్పదు.

అర్థాలు
నాయకమణి = హారం నడుమ ఉండే శ్రేష్ఠమైన రత్నం
అపవాదం = సామాన్య నియమానికి లోబడనిది
మర్మం = రహస్యం

ప్రశ్నలు
1. రచయిత జోర్డాన్‌ను అభిమన్యునితో పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. 1993-94 నాటి బుల్స్ అనుభవం దేనిని నిరూపిస్తున్నది?
3. 'నాయకమణి' అనే శీర్షిక ఈ పాఠానికి ఎట్లా తగినదో సమర్థించండి.