మాట పోతే మతి పోయినట్టేనా?



ఎండాకాలం సెలవులకు ఇంటికి పోతే మా తాత "ఏరు, ఏరు" అని ఒక్క మాటే అంటున్నాడు. మా కోయ మాటలో ఏరు అంటే నీళ్లు. అవ్వ చెంబుతో నీళ్లిస్తే విసిరికొట్టాడు. అంతకుముందు చలికాలంలో పక్షవాతం వచ్చి ఆయనకు కుడి చెయ్యి పడిపోయింది. మతి కూడా పోయిందని ఊళ్లో అన్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను.

బడి తెరిచాక జీవశాస్త్రం మేడంను అడిగాను. దీన్ని అఫేసియా అంటారని చెప్పారు. మన మెదడులో కుడి, ఎడమ అని రెండు సగములు ఉన్నవి. ఎడమ సగం కుడి చేతిని, కుడి కాలిని ఆడించును. చాలామందిలో మాటలు కూర్చే పని కూడా ఎడమ సగానిదే. అక్కడికి రక్తం అందక కణములు చనిపోతే చెయ్యీ, మాటా ఒకేసారి పోవచ్చు. నాలుక ఆడుతుంది, కానీ కావలసిన మాట దొరకదు.

ఫ్రాన్సు దేశంలో పారిస్ దగ్గర ఒక ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి ఉండేవాడు. ఏమడిగినా "టాన్, టాన్" అనేవాడు. అందుకని అందరూ ఆయన్ని టాన్ అనే పిలిచేవారు. కోపం వస్తే మాత్రం తిట్టు బాగానే వచ్చేదట! బ్రోకా అనే డాక్టరు "ఇక్కడికొచ్చి ఎన్నేళ్లయింది?" అని అడిగితే, అయిదు వేళ్లూ నాలుగు సార్లు తెరిచి, తర్వాత ఒక్క వేలు చూపాడు. 21 ఏళ్లు. లెక్క సరిగ్గా ఉంది! 1861 ఏప్రిల్‌లో ఆయన చనిపోయాక బ్రోకా మెదడును పరీక్షించెను. ఎడమ వైపు ముందు భాగం పాడైపోయి ఉన్నది. ఆ చోటును ఇప్పుడు బ్రోకా ప్రాంతం అంటారు.

ఇది విన్నాక నాకు చెంబు గుర్తొచ్చింది.

దసరా సెలవుల్లో మా అయ్య ఎద్దును అమ్మడానికి బేరం చేస్తున్నాడు. పక్కనే తాత "ఏరు, ఏరు" అంటున్నాడు. అవ్వ మళ్లీ చెంబు తెచ్చింది. నేను ఆపి, "తాతా, ఎద్దును అమ్మొద్దంటున్నావా?" అన్నాను. అవునని తల ఊపాడు. "ఎందుకు?" అన్నాను. చెప్పలేక ఏడ్చాడు. అట్లా అడగడం నా తప్పు. అవును, కాదు అని చెప్పగలిగేటట్టు ఒక్కొక్కటే అడిగి, ఆగి చూడాలి. "దుక్కికి కావాలనా?" కాదు. "ముసలిదని కోతకు పోతుందనా?" నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అయ్య బేరం ఆపేశాడు.

ఇంకో వింత. ఆ రాత్రి అవ్వ రేల పాట ఎత్తుకుంటే తాత రెండు వరసలు మాటలతో సహా పాడాడు. మాట పోయినా కొందరికి పాట వస్తుందని మేడం ముందే చెప్పారు. పాట అయ్యాక "ఇంకోటి పాడతావా తాతా?" అంటే నవ్వి, "ఏరు" అన్నాడు.